మా అక్క పేజీలో లేని మంద

ఇప్పటిదాకా నా మాట ఎవరూ పట్టించుకోలేదు. ముందుగా ఈ సంగతి రాసి పెట్టాలి. ఎందుకంటే ఇప్పుడు మా ఆఫీసులో అందరూ అదేదో ఎప్పటినుంచో తమకు తెలిసిన విషయమే అన్నట్టు మాట్లాడుతున్నారు. తెలియదు. చెప్పింది నేను. టీం గ్రూపులో మెసేజ్ పెడితే ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది. మళ్ళీ పెడితే ఆ బొమ్మ కూడా రాలేదు. మీటింగులో లేచి నిలబడి చెబితే, "అది తర్వాత చూద్దాం" అని, ప్రొజెక్టరు వైరు గురించి మాట్లాడుకున్నారు. ఆ వైరు తెగిందని మొదట చెప్పింది కూడా నేనే. అప్పుడూ వినలేదు.

మా ఆఫీసు అనంతపురంలో ఒక సిమెంటు కొట్టు పైన ఉంటుంది. కింద మూటలు దించుతుంటే పైన కీబోర్డుల మీద బూడిదరంగు పొర పేరుకుంటుంది. గొర్రెల పెంపకందార్ల సంఘాల కోసం మేము ఒక వెబ్‌సైటు నడుపుతున్నాం. ప్రతి గొర్రె చెవికి పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది, దాని మీద నంబరు. ఆ నంబరుతో గొర్రె మా సైటులోకి ఎక్కుతుంది. ప్రతి యజమానికీ ఒక పేజీ. ఆ పేజీలో ఎన్ని గొర్రెలు కనబడితే అన్నింటికే పశువుల ఆసుపత్రి నుంచి టీకా మందు బయటికి వస్తుంది. పేజీ ఖాళీగా ఉంటే మందు లేదు. ఇంత మాత్రం గుర్తు పెట్టుకుంటే చాలు.

మా అక్కా బావా గొర్రెల మీదే బతుకుతారు. వాళ్ళ ఊరు కళ్యాణదుర్గం దాటాక వస్తుంది. వేరుశనక్కాయ పీకేశాక ఆ చుట్టుపక్కల మేపడానికి గడ్డిపరక దొరకదు. అప్పుడు మందను తోలుకుని తుంగభద్ర కాలవ కిందికి పోతారు. అక్కడ వరి కోసిన మళ్ళలో మంద నిలబెడితే రైతులకు ఎరువు, గొర్రెలకు మేత. తొలకరి ముంగారు వానలు పడేవేళకు తిరిగొస్తారు. ఈ రాకపోకలు మా తాతల కాలం నుంచీ ఉన్నవే, ఇందులో కొత్తేమీ లేదు.

కొత్తది మా టీం లీడరు పెట్టిన నియమం. ఆయనదీ రాయదుర్గం వైపే, మందల సంగతి బాగా తెలిసిన మనిషి. ఒకప్పుడు టీకా బండి ఊరూరా తిరిగి ఖాళీ దొడ్ల ముందు ఆగిపోయేది. మందలు కాలవ కిందికి పోయి ఉండేవి. డాక్టర్లు ఆయన్ని నిలదీశారు. దాంతో ఆయన ఊళ్ళో ఉన్న గొర్రెల్ని మాత్రమే చూపించాలని రాశాడు. వలస పోయినవి కనబడవు. మంద తిరిగొచ్చి ఊళ్ళోకి అడుగుపెట్టాక అక్కడి పశువుల సహాయకుడు ఫోనులో ఒక్క నొక్కు నొక్కితే మళ్ళీ కనబడతాయి. వినడానికి చక్కగా ఉంది. నేనూ అప్పుడు చక్కగానే ఉందనుకున్నాను.

పోయిన వేసవిలో ఏదో పని మీద అక్క పేజీ తెరిచాను. గొర్రెలు సున్నా. వెంటనే పోయి లీడరుతో చెప్పాను.

"అన్నా, మా అక్క పేజీలో గొర్రెలు కనబడటంల్యా."

"మీ అక్కకు గొర్రెలు ఉండాయా?"

"ఎందుకు లేవు, ఉండాయి."

"ఇప్పుడు యాడ ఉండాయి?"

"కాలవ కింద."

"ఊర్లో లేవు గదా. లేనివి లేవని చూపిస్తాండాది. సైటు సక్కగా పని చేస్తాండాది. ఇంగేమప్పా నీ బాధ?"

"వాళ్ళు తిరిగొచ్చే దారిలో ఏమన్నా అయితే?"

ఆయన కుర్చీ వెనక్కి వాల్చాడు. "నువ్వు పోయిన నెల ఫ్యాను శబ్దం చేస్తాండాదని రాసినావు. మొన్న టీలో అల్లం తగ్గిందని రాసినావు. ఈరోజు గొర్రెలా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఎవరెవరు నవ్విందీ నాకు గుర్తుంది. ఫ్యాను శబ్దం చేస్తున్న మాట మాత్రం నిజం.

బావ అయినా నా వైపు ఉంటాడని ఫోన్ చేస్తే ఆయన ఇంకో దారి పట్టాడు.

"కనబడకపోతే మేలే బామ్మర్దీ! కండ్లు పడవు."

మా వాళ్ళ పద్ధతి అది. మంద దారిలో ఉన్నంత కాలం ఎన్ని ఉన్నాయో నోటితో చెప్పరు. అడిగినా చెప్పరు. "దేవుడిచ్చినన్ని ఉండాయి" అంటారు. లెక్క పైకి చెబితే మందకు దిష్టి తగులుతుందని భయం. కాబట్టి కంప్యూటరు సున్నా చూపిస్తే బావకు అంతకంటే కావలసింది లేదు. ఆయనే కాదు, కాలవ కింద ఉన్న మందల వాళ్ళెవ్వరూ మాకు ఫిర్యాదు చేయలేదు. ఎవరూ అడగని తప్పును మా లీడరు తప్పని ఎందుకు ఒప్పుకుంటాడు? అడిగింది నేనొక్కణ్ణి. నేను అడిగితే అడిగినట్టు కాదు.

ముంగారు మొదలయ్యాక ఒక పొద్దున అక్క ఫోన్ చేసింది. వెనక గొర్రెల అరుపులు, గాలి.

"తమ్ముడా, ఊరి బయట బీట్లో ఉండాం. ఊరోళ్ళు మందను లోపలికి రానీటంల్యా."

"ఎందుకక్కా?"

"కాలవ కింద మా పక్క మందలో జబ్బు దిగింది. ముక్కులు కారి, నోట్లో పుండ్లు లేసి, పారుకుంటాండాయి. మావి బాగనే ఉండాయి. అయినా సూది ఏపిచ్చుకుంటేనే రాండి అంటాండారు. వాళ్ళని అనేదానికీ లేదు, వాళ్ళకూ గొర్రెలుండాయి."

"ఏపిచ్చుకోండి మరి."

"డాక్టరమ్మ రేపు ఊరికి వస్తాదంట. మా పేరు మీద మందు లేదంట. మా పేజీలో గొర్రెలే లేవంట. రేయ్, నీ కంప్యూటర్లో మేమేమన్నా సచ్చిపోయినామా ఏంది?"

ఆ ఊరి పశువుల సహాయకుడికి ఫోన్ చేశాను. వచ్చినట్టు నొక్కమన్నాను. అతను చెప్పిందాంట్లోనూ న్యాయం ఉంది. "ఊర్లోకి రాకనే వచ్చినట్టు నొక్కితే ఊరోళ్ళు నన్ను యాపమానుకి కడతారన్నా. సూది ఏసినాక వస్తే నొక్కుతా."

సూది వేస్తేగానీ ఊళ్ళోకి రానివ్వరు. ఊళ్ళోకి వస్తేగానీ సూది లేదు. మధ్యలో రాళ్ళ బీడు మీద మా అక్క, బావ, మంద. చుట్టూ ముళ్ళకంప వేసుకుని, కాలవ కింద పక్క మందలో చూసిన జబ్బు తమ దాంట్లో ఎప్పుడు బయటపడుతుందోనని చూస్తూ కూర్చున్నారు.

ఆ మధ్యాహ్నం ఆఫీసులో అందరూ ఉగ్గాని బజ్జీ తెప్పించుకున్నారు. నాకు చెప్పలేదు. సరే, నేను తెచ్చుకున్న సంగటి, ఊరిబిండి పచ్చడి నా దగ్గరున్నాయి. ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో అక్క గొర్రె చెవి బిళ్ళ నంబరు ఒకటి కొట్టాను. బిళ్ళ నంబరుతో వెతికే పేజీ నేను రాసిందే, అది వలసలో ఉన్నవాటినీ చూపిస్తుంది. గొర్రె వచ్చింది! ఎర్ర గొర్రె, రెండు ఈతలది, వలసలో ఉంది అని. దాని కింద యజమాని పేరు. నొక్కాను. మా అక్క పేరు, ఊరు, ఫొటోతో సహా వచ్చేసింది. అక్కడి నుంచి మళ్ళీ గొర్రెల వైపు నొక్కాను. సున్నా.

ముద్ద నోట్లోనే ఆగిపోయింది.

గొర్రె నుంచి యజమానికి దారి ఉంది. యజమాని నుంచి గొర్రెకు లేదు! ఒకే బంధం. ఒక వైపు నుంచి పోతే తలుపు బార్లా తెరిచి ఉంది, ఇంకో వైపు నుంచి వస్తే గడియ వేసి ఉంది. చేయి కడుక్కోకుండానే కోడు తెరిచాను.

కోడు గురించి తెలియని వాళ్ళకు కూడా చెబుతాను, ఇది చెప్పకపోతే నా సంతోషం ఎవరికీ అర్థం కాదు. మేము వాడే వెబ్ ఫ్రేమ్‌వర్కులో గొర్రెల పట్టికలోకి మనం నేరుగా చేయి పెట్టం. మధ్యలో మేనేజర్ అని ఒకటి ఉంటుంది. దాన్ని అడిగితే అది లోపలికి పోయి తెచ్చి ఇస్తుంది. మామూలు మేనేజర్ ఉన్నవన్నీ తెస్తుంది. మనకు కావలసినట్టు సొంతంగా ఇంకొకటి రాసుకుని, ఫలానావి మాత్రమే తెమ్మని కూడా చెప్పుకోవచ్చు. మా లీడరు రాసింది అదే, ఊళ్ళో ఉన్నవాటినే తెచ్చే మేనేజర్. దాన్ని పట్టికలో అన్నిటికంటే పైన రాశాడు. మామూలుది దాని కింద ఉంది. ఫ్రేమ్‌వర్కు పద్ధతి ఏమిటంటే, మొదట రాసిందే పెద్ద. యజమాని దగ్గర నిలబడి "ఈమె గొర్రెలేవి?" అని అడిగితే, ఆ పెద్దను పిలుచుకుని దాని చేతనే తెప్పిస్తుంది. అది వలసలో ఉన్నవాటిని వదిలేసి వస్తుంది. అదే గొర్రె దగ్గర నిలబడి "దీని యజమాని ఎవరు?" అని అడిగితే ఫ్రేమ్‌వర్కు మన సొంత మేనేజర్ల జోలికే పోదు. ఏ వడపోతా లేని తన ముడి మేనేజరుతో తెచ్చేస్తుంది. గొర్రెకు యజమాని ఉండి తీరాలి కదా, అందుకని.

అందుకే గొర్రె నుంచి పోయే ముందు దారిలో మా అక్క కనబడింది! అందుకే యజమాని నుంచి వచ్చే వెనక దారిలో మంద మాయమైంది! సైటు చెడిపోలేదు. ఎవరూ అబద్ధం రాయలేదు. గొర్రెలన్నీ లోపల క్షేమంగా ఉన్నాయి, ఒక్కదాని పేరూ చెరగలేదు. పిలవడానికి పోయిన మేనేజరే సగం దారిలోంచి తిరిగొస్తోంది.

ఇంకా బాగున్నది తర్వాతిది. లీడరు నియమాన్ని తీసేయాల్సిన పని లేదు. రెండు మేనేజర్ల వరుస మార్చాల్సిన పనీ లేదు. మార్చితే టీకా బండికి దారి చూపించే పేజీ కూడా మారిపోయి, మళ్ళీ ఖాళీ దొడ్ల ముందు ఆగుతుంది. యజమాని పేజీలో గొర్రెల్ని అడిగే చోట, మామూలు మేనేజర్ చేత తెప్పించు అని దాని పేరు చెబితే చాలు. ఫ్రేమ్‌వర్కు ఒప్పుకుంటుంది. మాన్యువల్‌లో రాసే ఉంది. ఒక్క మాట! ఆ మాట చేర్చి నా మిషన్‌లో పేజీని మళ్ళీ తెరిచాను.

వచ్చాయి. ఒకదాని వెనక ఒకటి, తెర కిందికి జారుతూ జారుతూ, ఎర్రవి, నల్లవి, పొట్టేళ్ళు, ఈ ఏటి పిల్లలు. అక్కవే. ఎన్నో ఇక్కడ రాయను, బావ ఊరుకోడు. బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాను. ఊరిబిండి డబ్బా ఎగిరి కింద పడింది.

"ఏమాయప్పా, కరెంటు కొట్టిందా?" అని ఎవరో అడిగారు.

"కనబడినాయి! అన్నీ ఉండాయి!" అన్నాను. ఎవరూ లేచి చూడటానికి రాలేదు. బజ్జీలు చల్లారిపోతాయని.

మార్పును పంపించి, అసలు సైటులోకి ఎక్కించడానికి లీడరు అనుమతి అడిగాను. ఆయన ఒక బటన్ నొక్కితే అయిపోతుంది. సీటు దగ్గరికి పోయి చెప్పాను కూడా.

"ఈ నెల మార్పులన్నీ అయిపోయినాయి. వచ్చే నెల దాంట్లో చూద్దాం."

"రేపు డాక్టరమ్మ వస్తాదన్నా. మంద బీట్లో ఉండాది."

"మీ అక్క కోసం సైటు మారుస్తే రేపు ఇంకొకడు వాళ్ళ పిన్నమ్మ కోసం అడుగుతాడు."

ఈ మాట నేను చచ్చేదాకా మరిచిపోను. అక్క కోసం కాదు, కాలవ కిందికి పోయిన ప్రతి మంద కోసం అని చెప్పాను. ఆయన అప్పటికే ఫోన్లో మునిగిపోయాడు.

మర్నాడు పొద్దున్నే సెలవు కూడా అడగకుండా ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని బండెక్కాను. అడిగితే జవాబు వచ్చేదా? కళ్యాణదుర్గం దాటి, ఊరికి ఇవతలే తారు రోడ్డు వదిలి బీట్లోకి దిగాను. దూరం నుంచే గొంగడి కప్పుకుని రాయి మీద కూర్చున్న బావ కనబడ్డాడు. అక్క ఎదురొచ్చింది.

"వచ్చినావా. నీళ్ళు తాగు. ఏమన్నా అయిందా?"

"అయిందక్కా. సగం అయింది. మిగిలిన సగం ఒకాయన వేలి కింద ఉండాది."

"ఆ వేలు యాడుండాది చెప్పు, నేను పోయి విరుస్తా."

ఊళ్ళో సూదులు ముగించుకుని డాక్టరమ్మ బండి మా వైపు వచ్చింది. మా అక్కే పోయి రోడ్డు మీద అడ్డంగా నిలబడింది. డాక్టరమ్మ దిగి మందను చుట్టి చూసింది. ముక్కులు, నోళ్ళు పరిశీలించింది. ఏ జబ్బూ లేదంది. బండిలో ఐసు పెట్టెలో పక్క ఊరి కోసం మందు ఉంది. కానీ ఒకసారి కలిపిన సీసాను కాసేపట్లోనే వాడేయాలి, ఎవరి పేరు మీద వాడారో బిళ్ళ నంబర్లతో సహా సైటులో చూపించాలి.

"నా ఫోన్లో మీకు సున్నా ఉంది. సున్నాకు సీసా ఎట్లా తెరిచేది? పోనీ, ఎన్ని ఉన్నాయో నువ్వన్నా చెప్పు" అని బావను అడిగింది.

బావ కొండ వైపు చూశాడు. "దేవుడిచ్చినన్ని ఉండాయమ్మా."

"అట్లయితే దేవుణ్ణే వచ్చి సంతకం పెట్టమను."

నేను ల్యాప్‌టాప్ తెరిచి చూపించాను. ఎండకు తెర కనబడకపోతే అక్క తన గొంగడి పైన కప్పింది. ఆ గొంగడి కింద, ఉన్ని వాసనలో, నేనూ డాక్టరమ్మా తలలు పెట్టి మందను చూశాం. ఆమెకు ఒక్కసారికే అర్థమైంది. "అంటే గొర్రె తెరిస్తే ఈమె వస్తుంది, ఈమెను తెరిస్తే గొర్రె రాదు. అంతేనా?" అంతే! నిన్నటి నుంచి నేను చెబుతున్నది అంతే!

"మరి మీ సార్‌కు చెప్పలేదా?"

నేను లీడరుకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. కట్ చేశాడు. డాక్టరమ్మ తన ఫోను నుంచి చేసింది. మొదటి రింగు పూర్తి కాకముందే, "నమస్తే మేడం! చెప్పండి మేడం!"

ఆమె రెండు మాటల్లో చెప్పింది.

"ఇప్పుడే మేడం! ఆ మార్పు మా దగ్గర రెడీగా ఉండాది మేడం. మేమే చూస్తాండాం."

మేమే చూస్తాండాం! గొంగడి కింద నుంచి ఈ మాట నా చెవులతో విన్నాను.

అయినా ఆ క్షణంలో కోపం రాలేదు, నిజం చెప్పాలి. ఎందుకంటే డాక్టరమ్మ తన ఫోన్లో పేజీని కిందికి లాగి వదలగానే సున్నా పోయింది. మా అక్క మంద, అసలు సైటులో, అందరికీ కనబడేలా నిలబడింది. "వచ్చినాయి!" అని అరిచాను. అక్క "వచ్చినాయంట!" అని బావకు అరిచింది. గొర్రెలు బెదిరి ఒక వైపుకు ఉరికాయి. డాక్టరమ్మ సీసా కలిపింది. తర్వాత దుమ్ము, అరుపులు, ఉరుకులు. బావ ఒక్కొక్కదాన్నీ కాళ్ళ మధ్య పట్టుకుంటే ఆమె పొడిచింది, నేను బిళ్ళ నంబరు చదివాను. నా చొక్కా చిరిగింది. ఒక పొట్టేలు నా మోకాలి మీద కుమ్మింది. అంత సంతోషంగా నేను ఏ ఆఫీసులోనూ పని చేయలేదు.

అంతా అయ్యాక బావ నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "లెక్క నేను చెప్పలా. నా నోరు నేను తెరవలా. తెరిచింది నీ పెట్టె. ఏమన్నా అయితే దాని మీదికే పోతాది."

"పోనీలే బావా. దానికి దిష్టి తీయడానికి మా ఆఫీసులో చానామంది ఉండారు."

ఊరివాళ్ళు కొన్నాళ్ళు ఆగి మందను లోపలికి రానిచ్చారు. ఒక్క గొర్రె కూడా పోలేదు.

కథ ఇక్కడితో అయిపోతే ఇది రాయాల్సిన అవసరం ఉండేది కాదు. తర్వాతి వారం ఇంకో ఊరివాళ్ళ పేజీ తెరిచాను. వాళ్ళ మంద ఇంకా కాలవ కిందే ఉంది. పేజీలో సున్నా! వెతికితే తెలిసింది, సూదులు వేసిన ఆ సాయంత్రమే లీడరు నా మార్పును వెనక్కి తీసేశాడు. ఎందుకో రాయలేదు. గ్రూపులో అడిగాను. మెయిల్ పెట్టాను. మీటింగులో అడిగాను. అందరూ ఇప్పుడు ముందు దారి, వెనక దారి అని నా మాటల్నే వాడుతున్నారు, ఆ ఒక్క మాటను తిరిగి చేర్చడం తప్ప అన్నీ చేస్తున్నారు. నేను దాన్ని మళ్ళీ పంపించాను. ఇప్పటికీ అనుమతి కోసం అక్కడే ఉంది.

ఈ ఏడు కూడా అక్కా బావా కాలవ కిందికి పోయారు. మొన్న ఫోన్ చేస్తే, "ఈసారన్నా కనబడతామా తమ్ముడా?" అని అడిగింది. ఆ పక్కనే బావ, "కనబడాల, కానీ లెక్క మాత్రం బయటికి రాకూడదని చెప్పు" అంటున్నాడు. తెలుసుకుని చెబుతానన్నాను. నాకే ఎవరూ చెప్పలేదు కాబట్టి.

అన్నా, ఇది మీరు చదువుతారని నాకు తెలుసు. నా మెసేజ్ చదవకపోయినా అచ్చులో వచ్చింది చదువుతారు. ఆ మార్పు తప్పయితే ఎక్కడ తప్పో చెప్పండి, నేను దిద్దుతాను. ఒప్పయితే ఎందుకు తీశారో చెప్పండి. బొటనవేలు బొమ్మ వద్దు, తర్వాత చూద్దాం వద్దు. ముంగారు చినుకు పడగానే మా అక్క మందతో బయలుదేరుతుంది. ఆమె బీటి దాకా వచ్చేలోపల నాకు మీ జవాబు కావాలి. జవాబు పెడతారా, పెట్టరా?